ముందు మడ్గార్డు, ప్రతినిధిన్యాయము



సాధారణంగా నేను ఆలయవిధులను గురించి, శ్రౌతస్మార్త విషయాలను గురించి వ్రాస్తూ ఉంటాను. ఈ పర్యాయం ఒక పాత మోటారుసైకిలు ముందు మడ్గార్డును గురించి వ్రాస్తున్నాను. అర్చకునికి మడ్గార్డుతో పనియేమిటని నా సహధర్మచారిణి కూడా అడిగినది. రెండు మాసాలపాటు నిత్యార్చన ముగియగానే నేను నర్సీపట్నంలోని షెడ్లవెంట, పాత ఇనుపసామాను కొట్లవెంట తిరిగిన మాట వాస్తవము. ఎందుకు తిరిగానో ఇంటిలో ఎవరికీ సంపూర్ణంగా చెప్పలేదు. ఆ చెప్పనిదే ఈ వ్యాసవిషయము.

బండి మా నాన్నగారిది. 1973లో మద్రాసు సమీపంలోని తిరువొత్తియూరు కర్మాగారంలో తయారైన బుల్లెట్ 350. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణంలో పుట్టిన ఈ వాహనజాతి 1955లో మద్రాసుకు వచ్చినది. 1970 ప్రాంతంలో అక్కడి తయారీ ఆగిపోయినది, ఇక్కడిది ఆగలేదు. మూలం శుష్కించి శాఖయే వృక్షమైనదన్నమాట. నాన్నగారు దీనిని 1979లో ఒక విశ్రాంత అటవీ ఉద్యోగి వద్ద కొన్నారు. గొలుగొండ, కృష్ణదేవిపేట, డౌనూరు, లంబసింగి, చింతపల్లి వరకు ఆయనకు పౌరోహిత్యమున్నది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు ముట్టడించిన ఠాణాలున్న ఊళ్ళు ఆ దారులలోనివే. ఆనాడు బస్సులు బహుస్వల్పము. ముహూర్తం బస్సుకోసం ఆగదు కదా. పంచె బిగించి, ఉత్తరీయం నడుముకు చుట్టి, దర్భలు, పంచాంగం ఉన్న సంచిని హ్యాండిలుకు తగిలించి ఆయన బయలుదేరితే ఆ ఇంజను ధ్వనిని బట్టి వీధిలోనివారు వేళ తెలుసుకొనేవారు.

గత వర్షాకాలంలో ముందు మడ్గార్డు విరిగినది. విరిగినది అనడం కంటె జీర్ణించినది అనడం ఉచితము. మడ్గార్డు పైనుండి తుప్పు పట్టదు, లోపలినుండి పడుతుంది. చక్రం విసరిన బురద లోపలి భాగానికి అంటుకొని రోజులతరబడి తేమను పట్టి ఉంచుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోన రేకు పొరలు పొరలుగా రాలిపోతూ ఉంటుంది. మన ప్రాంతపు ఎర్రమట్టి సంగతి చెప్పనక్కరలేదు. బలిఘట్టం నుండి తిరిగివస్తూ ఒక గుంతలో బండి దిగగానే ఊతకమ్ములను పట్టి ఉంచే రంధ్రాలవద్ద రేకు చిరిగి చక్రానికి రాచుకొనడం ఆరంభించినది. వరాహానది అక్కడ ఉత్తరవాహిని. ఆ స్నానఫలంలో కొంత ఆ కర్ణకఠోరమైన శబ్దం వింటూ పోయి ఉంటుంది.

మెకానిక్కు చూచి, "ఇది కంపెనీది కాదండి పంతులుగారూ. ఎవరో చేత్తో కొట్టిన రేకండి ఇది. ఒరిజినలు ఏమయిందండి?" అని అడిగాడు.

నేను మౌనం వహించాను.

ఒరిజినలు ఏమైనదో లోకంలో ఇద్దరికే తెలుసు, అందులో ఒకరు పరమపదించారు. 1987 వేసవి. కోనసీమలో గురుకులవాసం చేస్తున్న నేను సెలవులకు ఇంటికి వచ్చాను. పదిహేడేండ్ల ప్రాయము. నాన్నగారు మధ్యాహ్నం విశ్రమించి ఉండగా బండిని వీధి చివరివరకు త్రోసుకొనిపోయి, అక్కడ స్టార్టు చేసి, డౌనూరు దాటి ఘాట్‌రోడ్డు ఎక్కాను. ఆ బండికి గేరు కుడికాలికి, వెనుక బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. మలుపులో భయంతో ఏ కాలితో ఏది తొక్కానో ఇప్పటికీ తెలియదు. బండి కొండరాతిని ఢీకొన్నది. నాకు మోచేయి చీరుకొన్నది, మడ్గార్డు మడతపడి చక్రంలో చిక్కుకొన్నది. ఒక లారీవారు దయతలచి బండిని, నన్ను ఇంటివద్ద దింపారు. నాన్నగారు నన్ను లోపలికి పంపి, గుమ్మంలో నిలిచి, గుమిగూడినవారితో "నిన్న చింతపల్లి నుంచి వస్తూ నేనే పడ్డానండి. బండి అక్కడే వదిలి వస్తే అబ్బాయి తీసుకొచ్చాడు" అన్నారు.

జన్మలో ఆయన అసత్యమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. దాని ఫలం ఆయనే అనుభవించారు. మా పెదతాతగారు "చూపు మందగించినవాడవు, కొండదారులు నీకేల" అని శాసించడంతో ఒక సంవత్సరకాలం ఆయన ఘాట్ ఎక్కలేదు. చింతపల్లి వైపు రెండు గ్రామాలలో పౌరోహిత్యం అన్యులకు సంక్రమించినది, తిరిగి రాలేదు. నన్ను ఏనాడూ మందలించలేదు. నేను క్షమాపణ కోరలేదు. కోరుదామని అనేకసార్లు ఎదురుగా కూర్చున్నాను, ఆయన వేరే ప్రసంగం ఎత్తేవారు. 2009లో ఆయన కాలధర్మం చెందారు.

ఆనాడు మన ఊరిలోనే రేకుపని చేసే ఒక ఆచారిగారు కొత్త మడ్గార్డు చేసి ఇచ్చారు. కంపెనీదానికంటె వెడల్పు ఎక్కువ, రేకు మందమూ ఎక్కువే. నాన్నగారి కోరికమేరకు వెనుకభాగాన క్రిందికి దిగేటట్లు మరొక దళసరి రేకును రివిట్లతో బిగించారు. మడిపంచెకు ఎర్రబురద అంటకుండా ఉండడానికి. ఆచారిగారు దానిని "పంతులుగారి గోచీ" అని పిలిచేవారట.

ఇప్పుడు ప్రశ్న ఏమనగా, దేనికి బదులు దేనిని తేవలెను?

మీమాంసకులు దీనిని బహుసూక్ష్మంగా విచారించారు. జైమిని మహర్షి పూర్వమీమాంసా సూత్రాలలో షష్ఠాధ్యాయ తృతీయపాదంలో ప్రతినిధి విచారమున్నది. యాగానికి విధించిన వ్రీహులు లభింపనప్పుడు నీవారధాన్యం గ్రహించవచ్చును. ఏమిటి కారణం? వ్రీహిలోని అవయవాలు అధికంగా నీవారంలో ఉన్నాయి కనుక. అనగా ప్రతినిధి ఇష్టమైనది కాదు, సులభమైనది కాదు, సదృశమైనది కావలెను. సోమలతకు బదులు పూతికను తీసికొనడం మాత్రం సాదృశ్యంచేత కాదు, వచనంచేత. అది వేరు. ఇక్కడ నన్ను ఆపినది మరొక అధికరణము. గ్రహించిన నీవారం కూడా నశిస్తే ఏమి చేయవలెను? నీవారానికి సదృశమైనదానిని వెదకవలెనా? కాదు. మరల వ్రీహికి సదృశమైనదానినే వెదకవలెను. ప్రతినిధికి ప్రతినిధి లేదు. ముఖ్యద్రవ్యమే లభిస్తే దానినే గ్రహించవలెను.

పాఠశాలలో ఈ అధికరణం వల్లించిన దినాలలో ఇది నా ఇంటి వసారాలోకి వస్తుందని ఊహించలేదు. ఆచారిగారి రేకు నీవారము. అది నశించినది. దానివంటిదే మరొకటి చేయించడం శాస్త్రసమ్మతం కాదు, కంపెనీదానివంటిదే వెదకవలెను. కాని నా మనస్సు మాత్రం నీవారాన్నే కోరుతున్నది.

వెదకులాట గురించి కొంత చెప్పక తప్పదు. పాత బండ్లున్న పాఠకులకు ఉపకరించవచ్చును. మొదట బజారులో దొరికే కొత్త డూప్లికేట్ చూచాను. వెల స్వల్పము, రేకు పలుచన. ఇరవై గేజి రేకు ఒక మిల్లీమీటరుకు లోపు, పద్ధెనిమిది గేజి అంతకు కొంచెం పైన. అంకె పెరిగితే మందం తగ్గుతుందన్న విషయం తెలియక నేను ఇరవై మేలనుకొన్నాను, దుకాణదారుడు నా అజ్ఞానాన్ని సవరించలేదు. తరువాత ఫైబరుది చూపారు. తుప్పు పట్టదు, నిజమే. కాని ఏకసిలిండరు ఇంజను వణుకుకు బోల్టు రంధ్రాలవద్ద బీటలు వారుతుందని మెకానిక్కు నిరుత్సాహపరిచాడు. స్టెయిన్‌లెస్ స్టీలుది అద్దంవలె మెరుస్తున్నది, అది అర్చకుని వాహనానికి శోభించదని నా అభిప్రాయము. పెండ్లి ఊరేగింపుకు బాగుంటుంది. తరువాతి కాలపు డిస్క్ బ్రేకు నమూనాలవి చక్కనివే గాని ఊతకమ్ముల దూరాలు కలియవు.

సరిపోయినదో లేదో తెలిసికొనే ఉపాయం సులభము. మడ్గార్డును చక్రంపై నిలిపి ముందు, నడుమ, వెనుక టైరుకు, రేకుకు మధ్య సందు చూడవలెను. మూడుచోట్లా ఒక్కటిగా ఉంటే వంపు కుదిరినట్లు. అది ఫోర్కు క్రిందిగొట్టాలకు బిగుస్తుంది కనుక చక్రంతోపాటే లేచి దిగుతుంది, సందు మారదు. మరీ దగ్గరైతే బురద చిక్కి చక్రం బిగుసుకొంటుంది. మన ఏజెన్సీ దారులలో కనీసం రెండు వ్రేళ్ళ సందు ఉండవలెనని నాన్నగారి మతము.

పిమ్మట ఒక పాత సామాను వ్యాపారి చెన్నై పుదుపేట బజారునుండి అసలైన కంపెనీ మడ్గార్డు తెప్పించాడు. అదే కాలానిది, అదే వంపు. మెకానిక్కు అయస్కాంతం తెచ్చి రేకు వెంబడి నడిపించాడు. లప్పం దట్టంగా పూసినచోట అయస్కాంతం అంటదు, దానిని బట్టి లోపలి గుంటలు తెలుస్తాయి. ఒక్కచోట తప్ప అంతటా అంటినది. ముఖ్యద్రవ్యమే లభించినదని సంతోషించాను. అంతలో దానిపై పాతరంగు క్రింద ఎవరిదో బండి నెంబరు సగం చెరిపివేసి కనబడినది. "ఈ బండి ఏమైనదండీ?" అంటే వ్యాపారి నవ్వాడు. రసీదు అడిగితే నవ్వు ఆగిపోయినది.

ఆ పాదంలోనే జైమిని మరొక మాట స్పష్టం చేశారు. నిషిద్ధద్రవ్యం ఎంత సదృశమైనా ప్రతినిధి కాజాలదు. అది చోరసొత్తని నేననడం లేదు. కాదని చెప్పగలవారు లేరు. తిరిగి ఇచ్చివేశాను. మూడు రాత్రులు ఆ వంపు కలలోకి వచ్చినదని ఒప్పుకొంటున్నాను.

మధ్యలో మా బావమరిది ఒక సలహా ఇచ్చాడు. యాభై ఏండ్లు నిండిన వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసికొనే వీలును 2021లో కేంద్రప్రభుత్వం కల్పించినది కదా, చేయించి అలంకరించి ఉంచండి అని. అట్లు నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనానికి, మరమ్మతుకు తప్ప నిత్యసంచారానికి వాడకూడదు. నడవని బండికి మడ్గార్డు ఏల?

చివరకు పద్ధెనిమిది గేజి రేకుతో చేసిన కొత్తదొకటి, కంపెనీ వంపుకు బహుసన్నిహితమైనది, రసీదుతో దొరికినది. ఆచారిగారు ఇప్పుడు లేరు. వారి కుమారుడు టింకరింగ్ షెడ్డు నడుపుతున్నాడు. అతడు పాత మడ్గార్డును త్రిప్పిచూచి, రివిట్లతో బిగించిన వెనుకరేకు మాత్రం ఇంకా గట్టిగా ఉన్నదని కనుగొన్నాడు. "మా నాయన చేతిపనండి ఇది. పారెయ్యబుద్ధి కాట్లేదండి" అన్నాడు. ఇద్దరము కొంతసేపు దానిని చూస్తూ నిలిచాము. ఆగమాలలో జీర్ణోద్ధారణ ప్రకరణమున్నది. బింబానికి ప్రధానాంగం భిన్నమైతే ఒక విధి, ఉపాంగం భిన్నమైతే మరొక విధి. అక్కడైతే శక్తిని కుంభంలోకి ఆవాహన చేసి బాలాలయంలో ఉంచి పని ఆరంభిస్తాము. ఇక్కడ అటువంటిదేమీ లేదు. బండిని బింబంతో పోల్చడం అపచారమని నాకు తెలుసు, పాఠకులు మన్నించెదరు గాక. పాత రివిట్లు కోసి, లోపల రెడ్ ఆక్సైడు రెండు పూతలు పూసి, ఆ రేకును కొత్తదానికి బిగించమన్నాను. నీవారంలో వ్రీహి అవయవాలు ఉండవలెను కదా. ఈ సమర్థన మీమాంసకుల సభలో నిలుస్తుందో లేదో మా గురువుగారు ఉంటే చెప్పేవారు. వారు నవ్వేవారని నా అనుమానము.

అసలు నన్ను పీడించినది మరొకటి. ఆ పాదంలోనే యజమానికి ప్రతినిధి లేడని సిద్ధాంతీకరించారు. కర్మ చేసినవానికే ఫలము. 1987లో మా గుమ్మంలో నిలిచి నాన్నగారు నాకు ప్రతినిధి అయ్యారు. శాస్త్రం ఒప్పనిదానిని తండ్రి చేశాడు. ముప్పదియేడు సంవత్సరాలుగా నేను ఆ మడ్గార్డుపై ధూళి తుడుస్తూనే ఉన్నాను. అది తొలగిపోతే సాక్షి తొలగిపోతుంది. తొలగిపోతే బాగుండునని ఒక క్షణం, అయ్యో అని మరుక్షణం అనిపించేది. రెండు మాసాల తిరుగుడుకు కారణం గేజి కాదు.

బండి ఇంటికి వచ్చిన సాయంకాలం మా అబ్బాయి దాని చుట్టూ తిరిగి చూచాడు. వాడు విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వయస్సు పందొమ్మిది. "అంతా కొత్తది వేయించి, వెనకాల ఈ సొట్టపడ్డ రేకు ఎందుకుంచారు నాన్నగారూ?" అన్నాడు. వసారాలో అప్పటికి నా భార్య, మా చెల్లెలు, మెకానిక్కు కూడా ఉన్నారు. చెప్పాను. కుడికాలు, ఎడమకాలు, లారీ, గుమ్మంలో నాన్నగారన్న మాట, చింతపల్లి వైపు పోయిన రెండు గ్రామాలు, అన్నీ. మా చెల్లెలు "అంటే నాన్నకు చూపు బాగానే ఉండేదా!" అని కన్నీరు పెట్టుకొన్నది. మెకానిక్కు నేల చూస్తూ స్పానరు తుడుచుకొంటున్నాడు.

మా అబ్బాయి చాలాసేపు ఏమీ అనలేదు. సాయంసంధ్య వార్చుకొని నేను బయటకు వచ్చేసరికి బండి ప్రక్కనే నిలిచి ఉన్నాడు.

"గేరు కుడికాలికేనా నాన్నగారూ?" అన్నాడు.

అవునన్నాను. తాళంచెవి ఇచ్చి, నేను వెనుక ఎక్కి కూర్చున్నాను.