ఆమెను, దాన్ని, వాళ్ళను

ఫ్రెంచి నేర్చుకునేవాళ్ళను బాగా తికమకపెట్టేవి కర్మస్థానంలో వచ్చే సర్వనామాలు. 'ఆమెను చూస్తున్నాను' అనడానికి 'జ్ లా వ్వా' అంటారు. కర్మ క్రియకు ముందొస్తుంది. ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటే వింతగా ఉంటుంది గానీ తెలుగువాళ్ళకు అలవాటైన వరసే. నన్ను ఆలోచింపజేసింది లింగం. 'లా' అంటే ఆమెను, కుర్చీని కూడా. 'ల్' అంటే అతన్ని, పుస్తకాన్ని కూడా. వస్తువులతో కలిసిపోవడంలో అక్కడ ఆడామగా తేడా లేదు. 'ఆమెతో మాట్లాడుతున్నాను' అన్నప్పుడు వచ్చే 'లుయి' ఇద్దరికీ ఒకటే.

మా జహీరాబాద్ కర్ణాటక సరిహద్దులో ఉంది. బజారులో మూడు భాషలు వినిపిస్తాయి. కన్నడంలో ఆమెకు విడిగా 'అవళన్ను' ఉంది. క్రియ కూడా 'బందళు' అని ఆమె కోసమే మారుతుంది. ఉర్దూ 'ఉస్‌కో'లో లింగభేదమే లేదు. తెలుగులో అతను వచ్చిండు, ఆమె వచ్చింది, బర్రె వచ్చింది. గౌరవం అక్కర్లేదనుకుంటే 'దాన్ని పిలువు'. కూతురినంటే అందులో ముద్దుంటుంది. కూలికొచ్చిన దళిత స్త్రీని, ఆమె వయసుతో పనిలేకుండా, అంటే ఏముంటుంది? జీతగాణ్ణి 'వాన్ని' అనడమూ అవమానమే. కానీ అది మనిషిని చేసే అవమానం.

సిమోన్ ద బోవా 1949లో 'ద్వితీయ లింగం' అచ్చువేసినప్పుడు పురుషుణ్ణి కర్తగా, స్త్రీని అతని 'ఇతర'గా నిలిపిన ఆలోచననే ప్రశ్నించింది. ఆ పుస్తకంలో కొన్ని పేజీలు తెలుగు చేస్తుంటే ప్రతి 'లా' దగ్గరా ఆగాల్సొచ్చింది. ఆమెనా, ఆవిడనా, దాన్నా? ఫ్రెంచి ఇది అడగదు. మగవాడి చూపుతో నడిచే వాక్యంలో మర్యాదగా 'ఆమెను' అంటే ఆ చూపును కప్పిపెట్టినట్టే. అక్కడ 'దాన్ని' అనే రాశాను.

బహువచనంలో మాత్రం తెలుగు మాట మారుస్తుంది. బర్రెలు 'వచ్చినయి', ఆడవాళ్ళు 'వచ్చిండ్రు'. ఒంటరిగా పశువుల లెక్క, నలుగురు కలిస్తే మనుషుల లెక్క. ఈ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు, ఎక్కువగా దళితులు, దశాబ్దాలుగా చిరుధాన్యాలు పండిస్తూ విత్తనాలు కాపాడుతున్నారు. 2008లో మాచ్‌నూర్‌లో సొంత రేడియో మొదలుపెట్టారు. వాళ్ళు 'వాళ్ళు' అయింది సంఘం వల్లే.

డాక్టరేటు ఉంది కాబట్టి నేను ఒక్కదాన్నే వెళ్ళినా 'మేడం వచ్చిండ్రు' అంటారు. విత్తనాలు దాచిన ఆమె ఒక్కతే వస్తే 'వచ్చింది' అంటారు. అయితే 'ఈ ఊరిదాన్ని' అని చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఇద్దరి నోటా ఆ 'దాన్ని' తప్పదు.