గుర్రం లేని కౌబాయ్

'జాంగో' మొదలవగానే ఒక మనిషి వీపు కనిపిస్తుంది. మోసుకుపోతున్న జీను ఉంది, గుర్రం మాత్రం లేదు. వెనకాల తాడు కట్టిన శవపేటికను బురదలో ఈడ్చుకుంటూ పోతుంటాడు. కౌబాయ్ అంటే గుర్రమెక్కి దుమ్ము లేపుకుంటూ రావాలనుకునే నాలాంటివాడికి అక్కడే దిమ్మ తిరిగింది. 1966లో సెర్జియో కార్బూచీ తీశాడు. పెట్టెలో ఏముందో చెప్పను, చూడనివాళ్లు ఇంకా ఉంటారు.

ఈ ఇటలీ కౌబాయ్ సినిమాల అందమంతా లేమిలోంచి పుట్టిందే. వాళ్ల టెక్నిస్కోప్ పద్ధతే చూడండి. మామూలుగా ఫిలిం మీద ఒక్కో ఫ్రేముకి అంచునుండే చిల్లులు నాలుగింటి మేర చోటు పడుతుంది. ఇందులో రెండే. సగం ఫిలిం మిగిలింది. సినిమాస్కోప్ లెన్సుల ఖర్చు లేకుండానే తెర నిండా బొమ్మ వచ్చింది. పైగా మామూలు లెన్సు కాబట్టి కెమెరాని ముఖం మీదికి తీసుకుపోవచ్చు. దర్శకుడు సెర్జియో లియోనె తీసుకుపోయాడు. చెమట, మాసిన గడ్డం, చికిలించిన కళ్లు. తెర మీద ఒక్కో ముఖం బీడుపడ్డ పొలంలా ఉంటుంది. పొదుపు కోసం చేసిన పని ఇంత పనికొస్తుందని ఎవరనుకుంటారు!

1964లో 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' సుమారు 2 లక్షల డాలర్లలో ముగించారు. టీవీ సీరియల్ నటుడు క్లింట్ ఈస్ట్‌వుడ్‌కి 15 వేల డాలర్లిచ్చారు. అమెరికా సినిమా అని నమ్మించడానికి లియోనె 'బాబ్ రాబర్ట్‌సన్' అయ్యాడు. కథేమో జపాన్ దర్శకుడు కురొసావా 'యొజింబొ'లోంచి అడక్కుండా ఎత్తుకొచ్చిందే. కోర్టు గొడవయింది, డబ్బూ కట్టారు. నాకు మాత్రం ఆ దొంగతనం మీద పెద్దగా కోపం రాదు.

ఈ సినిమాల సెట్‌లో మాటలు రికార్డు చేసేవారు కాదు, ఎవరి భాషలో వాళ్లు చెప్పేసేవారు. పెదవులొక దారి, మాటలొక దారి. డబ్బింగ్ బొమ్మలు చూసి పెరిగిన మనకిదేం కొత్త కాదనుకోండి. అడుగుల చప్పుడు దగ్గర్నుంచి అన్నీ తర్వాత అతికించాల్సిందే కాబట్టి చప్పుడుకే విలువ పెరిగింది. లియోనెతో చిన్నప్పుడు ఒకే బడిలో చదివిన సంగీత దర్శకుడు ఎన్నియో మొర్రికోనె ఈల, కొరడా దెబ్బ, ఎలక్ట్రిక్ గిటార్‌తో లాగించేశాడు. ఆ ఈల అలెస్సాండ్రో అలెస్సాండ్రోనిది. ఈల ఉండగా జీతమిచ్చి పోషించాల్సిన ఆర్కెస్ట్రా ఎందుకు!

అమెరికా ఎడారి బదులు స్పెయిన్‌లో అల్మేరియా దగ్గరి తబెర్నాస్‌ని చూపించారు. ఆ గాలి 1971లో మనకీ సోకి, కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు' కోసం రాజస్థాన్ ఇసుకలోకి వెళ్లారు. రాసింది 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్ర అంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది, గర్వంగానూ ఉంటుంది.

డబ్బు కాస్త చేతికొచ్చాక తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'లో ఆఖరి శ్మశానాన్ని స్పెయిన్ సైనికులే కట్టిపెట్టారు. మొన్న రాత్రి అదే చూస్తున్నాను. ముగ్గురూ ఎడంగా నిలబడి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటున్నారు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

"నెట్ ఆగినట్టుంది, చూడరా."

"ఆగలేదమ్మా, చూసుకుంటున్నారు."

"ఎంతసేపు?"