ఐసు కింద ఆగని పని

కైకలూరు దగ్గర చేపల ప్యాకింగ్ షెడ్డుకి వెళ్లేసరికి ఎండ ఇంకా ఎక్కలేదు. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల నుంచి పట్టుబడి దిగుతోంది. శీలావతి ఒకవైపు, బొచ్చె ఒకవైపు. మిషన్‌లో నలిగిన ఐసును పారలతో క్రేట్లలోకి ఎత్తిపోస్తున్నారు. ఈ లారీలు హౌరా దాకా పోవాలి.

“ముందు ఐసు పడాలండి, లెక్కలు తర్వాత,” అన్నాడు మేస్త్రి. ఆయన చేతిలో ఒక బొచ్చె కర్రలా బిగుసుకుపోయి ఉంది. “ఇది వలలో బాగా తన్నుకుందండి. అలాంటివే తొందరగా బిగుస్తాయి.”

మేస్త్రి మాటలో జీవరసాయనం ఉంది. చేప చచ్చినా కండలోని ఎంజైములు పని మానవు. పెనుగులాటలో, కండకు శక్తినిచ్చే ఏటీపీ ముందే చాలావరకు ఖర్చయిపోతుంది. అది నిండుకోగానే కండ బిగుస్తుంది. కండరంలో ఆ ఏటీపీని 1929లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి గుర్తించిన యల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని భీమవరంలోనే. అదే 1929లో జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా దాన్ని విడిగా కనుక్కున్నాడు.

ఏటీపీ విరిగి ఏడీపీ, ఏఎంపీ, ఆపై ఐఎంపీ అవుతుంది. ఇంతవరకు పని చకచకా సాగుతుంది. చేపకు రుచినిచ్చేది ఐఎంపీ. అది ఇనోసిన్‌గా, తర్వాత చేదెక్కించే హైపోగ్జాంతిన్‌గా మారడం మాత్రం నెమ్మది. ఈ చివరి రెండూ ఈ పదార్థాలన్నిటి మొత్తంలో ఎంత శాతమో చూసి తాజాదనం తేల్చవచ్చని జపాన్ శాస్త్రవేత్తలు 1959లో చెప్పారు. దాని పేరు కే విలువ.

అయితే ఈ వరసలో పెత్తనం ఎవరిది? మందకొడిగా నడిచే ఒక్క మెట్టుదేనని చాలాకాలం అనుకున్నారు. 1973లో ఎడిన్‌బరోలో కాక్సర్, బర్న్స్ అనే శాస్త్రవేత్తలు ఆ మాట ఒప్పుకోలేదు. వాళ్ల వాదన ఇలా ఊహించుకోవచ్చు: వరసగా లాకులున్న కాలువలో ఒక్కో లాకును కాస్త కదిపి, శివారుకు చేరే నీరు ఎంత మారిందో చూడండి. పెత్తనం కొద్దికొద్దిగా అన్నిటి మధ్యా పంచి ఉంటుంది, కొన్నిటికి ఎక్కువ, కొన్నిటికి తక్కువ. జర్మనీలో హైన్రిచ్, రాపోపోర్ట్ మరుసటి ఏడు అక్కడికే వచ్చారు. నాకు ఈ వాదమే సబబుగా తోస్తుంది. చచ్చిన చేపలో ఐఎంపీని విరిచే ఎంజైముకు పెద్ద వాటా, కానీ ఆ వాటా జాతిని బట్టి మారుతుంది. అందుకే ఐసులో అన్ని చేపలూ ఒకే తీరుగా నిలవవు.

ఐసు గొప్పతనం ఏ ఒక్క మెట్టునో పట్టుకోకపోవడంలోనే ఉంది. అది అన్నిటి వేగాన్నీ ఒకేసారి తగ్గిస్తుంది, ఆపదు. ఖర్చయిపోయిన ఏటీపీని వెనక్కి తేలేదు. చెరువు రైతులకు నా మనవి ఒక్కటే: వలలో చేపను ఎక్కువసేపు తన్నుకోనివ్వకండి, మొదటి ఐసు షెడ్డు దాకా ఆగకుండా గట్టుమీదే వేయించండి.