పోతాం కాదు, పోయొస్తాం: వేములలో మా నాయన లెక్కల పుస్తకం

బెంగళూరులో రాత్రి పదకొండున్నరకి బస్సెక్కితే కదిరి దాటాక ఎప్పుడో మెలకువ వస్తుంది. కళ్లు నులుముకునే లోపు పులివెందుల. బస్టాండ్ బయట వేడి వేడి ఉగ్గాని, బజ్జి తిని, వేంపల్లె వైపు వెళ్లే పల్లెవెలుగు ఎక్కితే మధ్యలో వస్తుంది మా వేముల. దారికి రెండు పక్కలా అరటి తోటలు, చీనీ తోటలు. చీనీ అంటే మీరు బత్తాయి అంటారే, అదే. తోట అయిపోయిన చోట రాళ్ల గుట్టలు, కంప చెట్లు. నీళ్లున్న చోట పచ్చగా, లేని చోట ఎర్రగా. మా సీమ మొత్తం ఈ రెండు రంగులే.

ఈసారి నేను వెళ్లింది పండగకి కాదు. అమ్మకీ నాయనకీ అమెరికా వీసా ఫారం నింపడానికి.

అక్క డల్లాస్‌లో ఉంటుంది. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో ఒకటే మాట: "ఆడ ఇద్దరే ఏం జేస్తారు నాయనా, ఈడికే వచ్చేయండి." నాయన "చూస్తాం లేమ్మా" అంటాడు. మా ఇంట్లో "చూస్తాం" అంటే వద్దని అర్థం. కానీ పోయిన నెల ఆయనే నాకు ఫోన్ చేసి, "ఆ ఫారం ఏందో ఒకసారి వచ్చి చూడు రా" అన్నాడు. నాకు కొంచెం భయమేసింది. ఊరు వదలనన్న మనిషి తనంతట తానే అడిగాడంటే ఏదో లెక్క తప్పింది.

నాయన ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో పనిచేసి 58 ఏళ్లకి రిటైర్ అయ్యాడు. అప్పటిదాకా ప్రొద్దుటూరులో అద్దె ఇల్లు. రిటైర్ అయిన మూడో నెలలోనే సామాను ట్రాక్టర్‌కి ఎక్కించి, తాతల నాటి వేముల ఇంటికి వచ్చేశాడు. అద్దె మిగులుతుంది కదా అని. టౌన్‌లో పెన్షన్ చాలదు, పల్లెలో చాలుతుంది. ఇదీ ఆయన ప్లాన్. అమెరికా వాళ్లు రిటైర్ అయ్యాక ఖర్చు తక్కువని మెక్సికోకో, థాయ్‌లాండ్‌కో వెళ్తారని యూట్యూబ్‌లో చూస్తుంటాం కదా. మా నాయన థాయ్‌లాండ్ వేములే.

ప్లాన్ ఎలా నడుస్తోందో తెలియాలంటే ఆయన పుస్తకం చూడాలి. గుళ్ల క్యాలెండర్ కింద మేకుకి తగిలించిన వంద పేజీల లాంగ్ నోట్‌బుక్. పాలు, గ్యాస్, కరెంటు, కూరగాయలు, అన్నీ తేదీలతో ఉంటాయి. తాగేది క్యాన్ నీళ్లే కాబట్టి అదీ ఉంటుంది. మా మండలంలోనే తుమ్మలపల్లె యురేనియం గని ఉంది. కొట్టాల వైపు రైతులు తమ బోరు నీళ్లు పాడయ్యాయని చాలా ఏళ్లుగా మొర పెట్టుకుంటున్నారు. మా వీధి బోరు వేరు. అయినా నాయన ఆ నీళ్లు తాగడు. భయానికి కూడా నెలకింత అని ఖర్చు ఉంటుందని ఆ పేజీ చూశాకే అర్థమైంది.

వచ్చేది ఎంత? పీఎఫ్ డబ్బు, ఇతరత్రా కలిపి 12 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో వేశాడు. వడ్డీ 8.2 శాతం. మూడు నెలలకోసారి ₹24,600, అంటే నెలకి ₹8,200. దాని మీద ఈపీఎస్ పెన్షన్ మూడున్నర వేలకి కాస్త తక్కువ.

28 ఏళ్లు పనిచేస్తే అంతేనా అని మీకు డౌట్ రావచ్చు. నాకూ వచ్చింది, ఫార్ములా తీసి చూశాను. జీతం ఇంటూ సర్వీసు ఏళ్లు, బై 70. అయితే ఆ జీతానికి ఒక సీలింగ్ ఉంది. 2014 సెప్టెంబర్ నుంచి అది ₹15,000. అంతకు ముందు ₹6,500. నాయన సర్వీసులో ఎక్కువ భాగం పాత సీలింగ్ కిందే గడిచింది. చిన్న జీతం, చిన్న సీలింగ్, దానికి తగ్గ చిన్న పెన్షన్. దేశంలో ఈ స్కీమ్ కింద కనీస పెన్షన్ 2014 నుంచి ₹1,000 మాత్రమే.

అసలు దెబ్బ అది కూడా కాదు. ఈ పెన్షన్‌కి డీఏ లేదు. ధరలు పెరిగితే గవర్నమెంట్ ఉద్యోగి పెన్షన్ పెరుగుతుంది, నాయనది పెరగదు. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతాయి అనుకుంటే 12 ఏళ్లలో ఆ డబ్బు విలువ సగం అవుతుంది. అంటే ఆయనకి 70 వచ్చేసరికి ఈ మూడున్నర వేలు ఇప్పటి 1,700 రూపాయలతో సమానం.

మా పక్కింటి అవ్వకి 1వ తేదీ పొద్దున్నే ఇంటికొచ్చి ₹4,000 ఎన్టీఆర్ భరోసా పింఛన్ ఇస్తారు. 2024 జూలైలో 3,000 నుంచి 4,000 చేశారు. "అవ్వ పెన్షన్ నాకంటే ఎక్కువ రా" అని నాయన నవ్వుతూనే అన్నాడు. వెంటనే, "ఆమెకి రావాల్సిందే, పాపం. నాది తక్కువ అంటాండా, అంతే" అని సర్దుకున్నాడు.

పుస్తకంలో సంగటికి, చెనిక్కాయల చట్నీకి అయ్యే ఖర్చు పెద్దగా లేదు. పల్లెలో తిండి ఇప్పటికీ చవకే. అద్దె లేదు. మరి లెక్క ఎక్కడ తప్పింది? మందుల పేజీలో. నాయనకి బీపీ, షుగర్. అమ్మకి థైరాయిడ్, మోకాళ్లు. టెస్టులకి పులివెందుల, పెద్ద డాక్టర్ అంటే కడప. పోను రాను చార్జీలు, ఆ పూట బయట తిండి. పల్లెలో అన్నీ చవకే, ముసలితనం తప్ప.

ఇంకో పేజీ నేను చూడకూడదేమో, చూసేశాను. పైన "చిన్నోడు" అని ఉంది. నేను నెలనెలా పంపే డబ్బు తేదీలతో సహా, కింద మొత్తం. అది ఖర్చుల్లో లేదు, రాబడిలోనూ లేదు. విడిగా ఉంది. "ఇదేంది నాయనా?" అన్నాను. "ఎప్పుడన్నా ఇల్లు కొంటే ఇయ్యాల గదా" అన్నాడు. నేను ఇచ్చేదాన్ని ఆయన అప్పు కింద రాసుకుంటున్నాడు. ఆ ఫారం ఎందుకు నింపమన్నాడో అప్పుడు అర్థమైంది. కూతురి దగ్గర ఉంటే కొడుక్కి భారం తగ్గుతుందని.

సరే, ల్యాప్‌టాప్ తెరిచాం. అక్కని కూడా లైన్లోకి తీసుకుని నిజాలు మాట్లాడుకున్నాం. అక్క ఉండేది హెచ్1బీ మీద. తల్లిదండ్రులకి గ్రీన్‌కార్డ్ పెట్టాలంటే తను సిటిజన్ అయ్యుండాలి. తన గ్రీన్‌కార్డ్ క్యూనే ఎప్పటికి కదులుతుందో తెలీదు. కాబట్టి మిగిలింది విజిటర్ వీసా. దాని మీద మామూలుగా ఒకసారికి ఆరు నెలలు ఉండనిస్తారు. అది చూసి రావడానికి ఇచ్చే వీసా, కాపురం పెట్టడానికి కాదు. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకున్నా, ముందు నుంచీ ఉన్న బీపీ, షుగర్‌లని చాలా పాలసీలు కవర్ చేయవు. ఒకవేళ ఎప్పటికో గ్రీన్‌కార్డ్ వచ్చినా, 65 దాటి, అక్కడ ఐదేళ్లు వరుసగా ఉన్నాకే మెడికేర్ కొనుక్కోవచ్చు. కెనడా సూపర్ వీసా అయితే ఒకేసారి ఐదేళ్లు ఉండొచ్చు, కానీ అది కెనడాలో సెటిలైన పిల్లలున్న వాళ్లకి. దానికీ లక్ష కెనడా డాలర్ల హెల్త్ కవర్ చూపించాలి.

"మరి ఆ తాయిలాండ్?" అన్నాడు నాయన. చూశాను. 50 దాటిన వాళ్లకి రిటైర్మెంట్ వీసా ఉంది. నెలకి 65,000 బాత్ ఆదాయం గానీ, బ్యాంకులో 8 లక్షల బాత్ గానీ చూపించాలి. 65,000 బాత్ అంటే మన డబ్బుల్లో లక్షన్నర పైమాటే. "నెలకి లక్షన్నర వస్తే వేములలో రాజు మాదిరి ఉంటా గదరా, ఆడికెందుకు?" అన్నాడు. చవక దేశాలు డాలర్ పెన్షన్ వాళ్లకి చవక. రూపాయి పెన్షన్ వాళ్లకి కాదు.

సాయంత్రం పక్క వీధి కువైట్ మామ వచ్చాడు. కడప జిల్లాలో ఏ ఊరెళ్లినా ఇలాంటి మామ ఒకరు ఉంటారు. ఈయన 22 ఏళ్లు అక్కడ గ్యారేజీలో మెకానిక్. 2021లో కువైట్‌లో 60 దాటిన, డిగ్రీ లేని విదేశీయుల పర్మిట్లు రెన్యూ చేయడం ఆపేశారు. తర్వాతి ఏడాది మళ్లీ మొదలుపెట్టినా ఏడాదికి 250 దినార్ల ఫీజు, పైన ప్రైవేట్ ఇన్సూరెన్స్. మామ వచ్చేశాడు. మా మాటలన్నీ విని ఒకటే అన్నాడు: "కష్టపడే వయసులో ఏ దేశమైనా రమ్మంటాది అల్లుడా. మోకాళ్లు నొప్పులు మొదలైతే, ఎప్పుడు పోతావు అంటాది."

ఆయన వెళ్లాక నాయన పుస్తకంలో ఒక పాత పేజీ తిప్పి చూపించాడు. పోయిన ఏడాది ఒక రాత్రి అమ్మకి ఛాతీలో నొప్పి వస్తే కడప తీసుకెళ్లారు. మా ఊరి నుంచి అరవై కిలోమీటర్ల పైమాటే. ఈసీజీ, రక్త పరీక్షలు, మందులు, అన్నీ రాసి ఉన్నాయి. చివర్లో "కారు: 0". అర్ధరాత్రి కారు తీసింది కువైట్ మామే. డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు. "డల్లాస్‌లో ఇట్ల సున్నా రాసేదానికి అయితాదా?" అన్నాడు నాయన. అక్క లైన్లోనే ఉంది. ఏం మాట్లాడలేదు. కానీ కారు ఉన్న మామ కూడా 60 దాటినవాడే. ఆయన మోకాళ్లు కూడా ఎన్నాళ్లుంటాయో. ఊరి సున్నాల మీద మాత్రమే ఆధారపడలేమని అందరికీ తెలుసు.

అందుకే ఆ రాత్రి మూడు పనులు చేశాం. ఒకటి, ఇద్దరికీ హెల్త్ ఇన్సూరెన్స్, ప్రీమియం అక్కది. 70 దాటాక కేంద్రం ఇచ్చే ₹5 లక్షల ఆయుష్మాన్ కార్డ్ వస్తుంది, అందాకా ఇదే దిక్కు. రెండు, మందుల పేజీ ఇకపై నాది. నాయన దాన్ని అప్పు కింద రాయకూడదని అమ్మ మీద ఒట్టు వేయించాను. మూడు, వీసా ఫారం నింపాం. వెళ్లే కారణం: పర్యటన. కూతురి ఇల్లు చూసి రావడానికి, అంతే.

మీ నాన్న పెన్షన్ ఎంతో మీకు తెలుసా? నాకు 28 ఏళ్లు వచ్చేదాకా తెలీదు. ఈసారి ఊరెళ్లినప్పుడు అడగండి. అలాగే మీ పేస్లిప్ కూడా ఒకసారి చూడండి. 2014 సెప్టెంబర్ తర్వాత, బేసిక్ ₹15,000 దాటి తొలిసారి ఉద్యోగంలో చేరిన వాళ్లకి ఈపీఎస్ పెన్షన్ అసలు లేదు. నాకూ లేదు. నాయనకి కనీసం మూడున్నర వేలున్నాయి.

ఆదివారం రాత్రి బస్సుకి బయల్దేరుతుంటే అమ్మ సంచిలో చీనీకాయలు పెట్టింది. "పోతాన్నా మా" అన్నాను. "పోతా అనకూడదు, పోయొస్తా అనాల" అని ఎప్పట్లాగే సరిచేసింది. వెనక నుంచి నాయన, "అక్కకి కూడా అదే చెప్పు. మేము పోతాం కాదు, పోయొస్తాం. తిరుగు టికెట్ ముందే తీయమను" అన్నాడు.