లక్నవరం చూచి వచ్చాము

మాది తరిగొప్పుల. మూడు బోర్లు వేయిస్తే రెండు ఎండిపోయిన ఇల్లు మాది. పెండ్లయి ఇరవయ్యారేండ్లయినా, శుభకార్యాలకూ ఆసుపత్రికీ తప్ప మేమిద్దరం కలిసి ఊరు దాటింది లేదు. అందుకే మొన్న పశువులను పిల్లలకు అప్పగించి, సద్ది కట్టుకొని, తెల్లవారకముందే బయలుదేరాము. జనగామ, హన్మకొండ, ములుగు దాటి గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చేరేసరికి మధ్యాహ్నమైంది.

కాకతీయుల కాలం నాటి చెరువది. చుట్టూ కొండలే గట్లు. కొండల నడుమ సందులకు మాత్రం చిన్న కట్టలు వేసి నీళ్లాపారు. ఎంత తక్కువ మట్టితో ఎంత నీరు!

దీవికి తీగల వంతెన మీద పోవాలి. అది ఊగగానే మా ఆవిడ నా చేయి పట్టుకొంది. పదిమందిలో అలా పట్టుకోవడం అదే మొదలు. నడుమకు వచ్చి ఆగిపోయింది. భయమనుకొన్నాను. కాదు, నీళ్లు చూస్తోంది.

“ఏమండీ, ఈ నీళ్లు ఎవరి పొలాలకు పోతాయి?”

కింద ఆయకట్టు రైతులకని చెప్పాను. “అదృష్టవంతులు” అని, చాలాసేపు మాట్లాడలేదు.

1213లో కట్టిన రామప్ప గుడిని 2021లో యునెస్కో గుర్తించింది గదా, అదీ చూద్దామన్నాను. గేదెకు పాలు పితికే వేళ దాటిపోతుందని ఆమె ఒప్పుకోలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చొని, దారిలో కనబడిన ప్రతి చెరువులో నీరుందో లేదో నాకు చెబుతూ వచ్చింది.