తుల క్రేత చేతికి వచ్చినప్పుడు

ధర్మశాస్త్రాలు పరిగణించిన అష్టాదశ వ్యవహారపదాలలో క్రయవిక్రయానుశయం ఒకటి. కొన్న తరువాతనో, అమ్మిన తరువాతనో కలిగే పశ్చాత్తాపమే అనుశయం. అటువంటి వ్యక్తి పది దినాలలోపు వస్తువును తిరిగి ఇవ్వవచ్చునని, తిరిగి పుచ్చుకొనవచ్చునని మనువు అనుమతించాడు. యాజ్ఞవల్క్యుడు మరింత సూక్ష్మంగా వస్తువును బట్టి పరీక్షాకాలాన్ని నిర్దేశించాడు: ఇనుముకు ఒక దినం, పాడిపశువుకు మూడు, బరువు మోసే పశువుకు ఐదు, రత్నానికి ఏడు, విత్తనాలకు పది. మరి పాత స్పోర్ట్స్ కారు ఏ కోవకు చెందుతుంది? ఇనుమూ అదే, వాహ్యమూ అదే. మోహించినవానికి రత్నమూ అదే.

న్యూజెర్సీలో నివసించే ఒక తెలుగు ఇంజనీరు 2001 నాటి పోర్షె బాక్‌స్టర్‌ను కొనదలచినప్పుడు, ఈ స్మృతివాక్యాలు తెలియకపోయినా, పరీక్షాధర్మాన్ని శ్రద్ధగా పాటించాడు. అమ్మేది భర్తను కోల్పోయిన ఒక వృద్ధురాలు. ఆమె అడిగిన మూల్యం 9,000 డాలర్లు. టైరు పక్కభాగాన ముద్రించే నాలుగంకెలలో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి. ఆ లెక్కన టైర్లకు ఎనిమిదేండ్లు నిండాయి. గుడ్డ పైకప్పుకు అమర్చిన ప్లాస్టిక్ వెనుక కిటికీ బీటలు వారింది. ఇవి ప్రత్యక్షదోషాలు. అప్రత్యక్షమైన శంక మరొకటి ఉన్నది. ఆ తరం ఇంజనులో ఇంటర్మీడియట్ షాఫ్టును మోసే బేరింగు విఫలమైతే ఇంజను సమస్తమూ నాశనం కావచ్చు. గేర్‌బాక్సును దింపితే గాని ఆ బేరింగును చేరడం సాధ్యం కాదు. ఆయిల్ ఫిల్టరును కోసి లోహపు రజను కోసం వెదకడం అనుమానప్రమాణమే గాని ప్రత్యక్షం కాదు.

ఈ శంకకు వెలకట్టి 7,500 డాలర్లకు బేరమాడాలని అతడు సంకల్పించాడు. అందులో అధర్మం లేదు. అజ్ఞాతమైన నష్టాన్ని భరించేవాడు దానికి తగిన తగ్గింపు కోరడం న్యాయమే.

అయితే వాహనపు కాగితాల కోసం బండిలో వెదకినప్పుడు ఒక రశీదు కనబడింది. మూడేండ్ల క్రితం క్లచ్‌తో పాటు ఆ బేరింగును కూడా మార్పించినట్లు అందులో ఉన్నది. క్రింద ఆమె భర్త సంతకం. శంక నివృత్తమైంది, దానితోపాటు తగ్గింపుకు ఆధారమూ పోయింది. ఆమెకు మాత్రం ఆ కాగితం ఉన్నదనే తెలియదు.

“నువ్వేమీ అబద్ధం చెప్పడం లేదు కదా! కాగితం ఆమె బండిలోనే ఉంది, చదువుకోకపోతే తప్పెవరిది?” అన్నాడు వెంట వచ్చిన మిత్రుడు. ఈ వాదాన్ని తేలికగా త్రోసిపుచ్చలేము. ఒక వస్తువుతో మరొకటి కలిపి గాని, సారహీనమైనదానిని గాని, తూకం తక్కువైనదానిని గాని, కప్పి ఉంచినదానిని గాని అమ్మరాదన్న మనువు నియమం విక్రేతను ఉద్దేశించినది. వస్తువు గుట్టు అమ్మేవానికి తెలుసు, కొనేవానికి తెలియదు అన్న లోకానుభవమే దానికి మూలం. ఇక్కడ జ్ఞానం అటునుంచి ఇటు మారింది. శాంతిపర్వంలోని తులాధారుడు వారాణసిలో రసాలు, గంధద్రవ్యాలు అమ్ముకొనే వర్తకుడు. జటలలో పక్షులు గూడు కట్టినా చలించని జాజలి మహర్షి ధర్మం తెలుసుకొనడానికి అతని అంగడికి వెళ్ళవలసి వచ్చింది. తన త్రాసు సర్వభూతాలకూ సమమని చెప్పినవాడు, ఎదుటివాని అజ్ఞానాన్ని ఒక పళ్ళెంలో బరువుగా వేస్తాడా?

ఇంజనీరు రశీదును ఆమె చేతికిచ్చి, దాని అర్థమేమిటో వివరించాడు. ఆమె రెండు దినాలు గడువు కోరి, కుమారునితో సంప్రదించి, 10,500 అడిగింది. అతడు వెంటనే తల ఊపలేదు. సత్యవ్రతానికి బేరంతో విరోధం లేదు. టైర్ల వెల, కిటికీ మరమ్మతు వేర్వేరుగా లెక్కకట్టి ఆమె ముందుంచాడు. చివరికి 9,800 డాలర్లకు ఒప్పందం కుదిరింది. ఆమె మొదట అడిగినదానికంటె అది 800 ఎక్కువ. మిత్రుడు దారి పొడవునా ఆ 800 గురించే మాట్లాడాడు.

యాజమాన్యపత్రం మీద సంతకం చేసిన తరువాత ఆమె ఒక కోరిక కోరింది. నకలు తీసుకొని, అసలు రశీదును తన వద్ద ఉంచమన్నది. భర్త చేతివ్రాత ఉన్న కాగితాలు ఆమె దగ్గర ఎక్కువ లేవట.