ఎదుటి జట్టుతో జాన్‌పెహచాన్

ఆటలో ఎదుటివాడిని ఉర్దూలో ముకాబిల్ అంటాం. ఎదురుగా నిలబడ్డవాడు, అంతే. ఆ మాటలో అదావత్ లేదు. ఉర్దూ మీడియం బడి దాటి డిగ్రీలో తెలుగు తీసుకున్నాక నాకు ప్రత్యర్థి అనే మాట తగిలింది. అర్థి అంటే కోరేవాడు. నేను కోరేదాన్నే ఎదుట నిలబడి కోరేవాడు ప్రత్యర్థి అని నాకు నేను మానీ చెప్పుకున్నాను. రెండు జుబాన్లు వేరు. మగర్ రెండింటిలోనూ దుష్మన్ మాత్రం కనబడడు.

ఈ మాటలు ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చాయంటే, మా భాంజా వల్ల. అచ్యుతాపురంలో మా ఆపా కొడుకు. డిగ్రీ ఆఖరి సంవత్సరం, కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్. వచ్చే ఆదివారం విశాఖలో ఒక కాలేజీ జట్టుతో మ్యాచ్. ఓడితే ఈ సీజన్ ఖతం, వాడి కాలేజీ ఆటా ఖతం. పరీక్షలు కాగానే సెజ్‌లో ఏదో ఒక కంపెనీలో చేరాలన్నది ఇంట్లో అనుకున్న మాట. షిఫ్టుల్లో పడ్డాక మళ్ళీ గ్లౌజులు ఎప్పుడు తొడుక్కుంటాడో ఖుదాకే తెలియాలి. అందుకే వాడికి ఈ ఆదివారం మామూలు ఆదివారం కాదు.

మొన్న వాళ్ళింటికి వెళ్తే నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. ఎదుటి జట్టు పాత మ్యాచుల వీడియోలు ఫోనులో చూసి రాసుకున్న ఖబర్లు. వాళ్ళ తొమ్మిదో నంబరు కుర్రాడిది ఎడమ కాలు. కుడి వైపు నుంచి బంతి తెచ్చి లోపలికి తిరిగి కొడతాడు. కార్నర్లు ఎక్కువగా దగ్గర పోస్టుకే వేస్తారు. గోల్ పడితే వాళ్ళ డిఫెండర్లు ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటారు. పూడిమడక ఇసకలో ఆడి పెరిగిన వాడి దోస్తులు ఇద్దరు జట్టులో ఉన్నారు. "పచ్చిక మీద బంతి మన ఇసకలో కన్నా జోరుగా వస్తుంది, ఒక అడుగు వెనక నిలబడాలి" అని వాళ్ళు చెప్పిందీ రాసుకున్నాడు. చూసి దిల్ ఖుష్ అయింది. మా డెస్కులో కొత్తగా చేరిన పిల్లలు ఇంటర్వ్యూకి వెళ్ళే ముందు ఇందులో సగం మెహనత్ చేసినా చాలు.

పేజీ అడుగున ఇంకో లైను ఉంది. ఆ తొమ్మిదో నంబరు కుర్రాడి తండ్రి ఈ మధ్యే పోయారట. మైదానంలో ఆ మాట ఎత్తితే వాడు రెచ్చిపోతాడు, రెచ్చిపోతే రిఫరీ కార్డు తీస్తాడు అని జట్టులో ఎవరో సలహా ఇచ్చారట.

"మామూ, ఇదీ ఖబరే కదా?" అన్నాడు.

పత్రికలో పనిచేసే మామూని అడగాల్సిన సవాలే. ఇరవై ఏళ్ళుగా ఆ సవాలుతోనే నా రోజీ. చెవిన పడిన ప్రతిదీ అచ్చులోకి పోదు. కొన్ని ఖబర్లు, కొన్ని అమానత్‌లు. అమానత్ అంటే ఒకరు మన దగ్గర దాచుకున్న సొమ్ము. దాన్ని ఖర్చు పెట్టే హక్ మనకు లేదు. అయితే పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి నసీహత్ ఎక్కదు. కిస్సా అయితే ఎక్కుతుంది. వాడికి రహీం సాబ్ కిస్సా చెప్పాను.

హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం పేశా రీత్యా బడి పంతులు. 1950 నుంచి 1963 దాకా భారత జట్టు ఉస్తాద్. ఆయన చేతి కింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. మన వాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. 1956లో మెల్‌బోర్న్ సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనది, నెవిల్ డిసౌజా కొట్టింది. ఆఖరికి 4-1తో ఓడాం. మగర్ పది గోల్స్ తిన్న జట్టు ముందు నాలుగేళ్ళలో అంత దూరం నడిచాం.

అసలు కిస్సా 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌ది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తొమ్మిది రోజుల తర్వాత ఫైనల్లో మళ్ళీ వాళ్ళే ముకాబిల్. మధ్యలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయన్ని కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. ఫైనల్లో పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో బంగారు పతకం.

"ఇందులో నీకు పనికొచ్చేది చూడు బేటా" అన్నాను. "వెనక నిలబడి అడ్డుకునేవాడిగా కొరియా వాళ్ళు చూసిన మనిషి ఫైనల్లో ముందు నుంచి వచ్చాడు. ఎదుటివాడి గురించి నీకు తెలిసింది సగం. నీ గురించి వాడికేం తెలుసన్నది మిగతా సగం. వాళ్ళ దగ్గరా ఫోనులున్నాయి, నీ వీడియోలూ చూసే ఉంటారు. బంతి పట్టగానే నువ్వు ఎటు విసురుతావు?"

కాసేపు ఆలోచించి "ఎప్పుడూ కుడి వైపే, మామూ" అన్నాడు. పెన్ను తీసి అదీ రాసుకున్నాడు.

జకార్తా ఫైనల్‌కి ఇంకో కొస ఉంది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆ గేమ్స్‌కి రానివ్వకపోవడం మీద భారత అధికారి ఒకరు ఎతరాజ్ చెప్పారు. దాంతో స్టేడియం మొత్తం మన మీద గుస్సాగా ఉంది. ఆ హోరులో మన కోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టు వాళ్ళని ఆ ఫైనల్ ఆడినవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. హాకీ ఫైనల్లో మనల్ని ఓడించిన జట్టే అది. హాకీ మైదానంలో ముకాబిల్, ఇక్కడ హమ్‌దర్ద్. రహీం సాబ్‌కి అప్పటికే క్యాన్సర్. 1963 జూన్ 11న ఇంతెకాల్ అయ్యారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు.

అంతా విని భాంజా అడుగు లైను వైపు చూశాడు. "ఆ కుర్రాడి ఎడమ కాలు మైదానానిది, వాడి గమ్ ఇంటిది" అన్నాను. ఆరేళ్ళ కిందట మా బావగారు పోయారు. ఆ రోజుల్లో వీడితో ఎవరెలా మాట్లాడారో వీడికి బాగా యాద్ ఉంది. దాన్ని నేను గుర్తు చేయలేదు, చేయాల్సిన జరూరతూ లేదు.

ఆ లైను కొట్టేశాడు. సలహా ఇచ్చిన దోస్తుకి అప్పుడే ఫోన్ చేసి, ఆదివారం ఆ మాట ఎవరి నోటా రాకూడదని చెప్పాడు. అవతల దోస్తు ఏదో బహస్ చేసినట్టున్నాడు. "రేయ్, వాడి ఎడమ కాలు నేను చూసుకుంటాను కదా, నీకెందుకు?" అంటున్నాడు వీడు. తర్వాత నా వైపు తిరిగి, "మ్యాచ్ అయ్యాక వాడి దగ్గరికి వెళ్ళి పుర్సా ఇస్తే బాగుంటుందా మామూ, వాడు ఏమైనా అనుకుంటాడా?" అని అడిగాడు.

బాగుంటుంది అన్నాను. గెలిస్తే కొంచెం ముష్కిల్, నిదానంగా మాట్లాడమన్నాను. ఇన్‌షా అల్లా, ఆదివారం డెస్కులో సెలవు పెట్టి నేనూ వెళ్తున్నాను.